ముందు ఆ తువ్వాలు తీసేయండి

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. ఊరు తప్ప ఇంకేమీ వెయ్యొద్దన్నారు. ఏడు పేజీలు రాశారు, కుదించి చెబుతున్నాను.

వాళ్లది 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే పక్కింటితో ఒక గోడ కలిసినది. 2016లో కొన్నారు. వంటింటి మూల నేల మీద నిలబెట్టిన పాత గ్యాస్ బాయిలర్ కొన్నప్పటినుంచే ఉంది. స్నానాల నీళ్లనీ, గదుల్లోని రేడియేటర్లనీ వేడిచేసేది అదే. దాని పొగ పాత ఇటుక పొగగూట్లోంచి కప్పు మీదకి పోతుంది. మేడ మీద ఒక అరలో రాగి నీళ్ల సిలిండర్, అటక మీద రెండు ప్లాస్టిక్ తొట్లు. "ఇంకో రెండు మూడేళ్లు లాగుతుంది" అని ఇల్లు కొన్నప్పుడు సర్వేకి వచ్చినాయన అన్నాడు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇంట్లో ఆరుగురు. ఆమె, భర్త, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, అక్టోబరులో తెనాలి నుంచి ఆర్నెల్లకి వచ్చిన అత్తమామలు. మామగారు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. డిసెంబరు నుంచి బాయిలర్ మొరాయిస్తోంది. లోపల ఎప్పుడూ వెలుగుతుండాల్సిన చిన్న పైలట్ మంట ఆరిపోవడం, మళ్లీ వెలిగించడం, రెండో మనిషి స్నానానికి వెళ్లేసరికి చన్నీళ్లు. మామగారు "నిక్షేపంలాంటి మెషిను, ఆ చిన్న పార్ట్ మార్పిస్తే పదేళ్లు పనిచేస్తుంది" అంటారు. భర్త "ఎలాగూ మార్చాలి కదా, హీట్ పంప్ పెట్టిద్దాం, గవర్నమెంటు 7,500 పౌండ్లు ఇస్తోంది" అంటాడు. హీట్ పంప్ అంటే బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోడే కరెంటు మెషిను. ఈమెకి కావలసింది ఒకటే, ఒక్కరోజులో ఎవరో వచ్చి, సిలిండర్ అక్కర్లేకుండా నీళ్లు అప్పటికప్పుడు కాచే కాంబీ బాయిలర్ బిగించిపోవాలి. ఈలోగా ఒక కంపెనీ సేల్స్‌మన్ సోఫాలో రెండు గంటలు కూర్చుని, ఈ రాత్రికే సంతకం పెడితే 600 పౌండ్లు తగ్గిస్తానని, సగం డబ్బు ముందే కట్టాలని చెప్పి వెళ్లాడు. చేతిలో ఉన్నది 6,000 పౌండ్లు. అందులో 4,000 విజయవాడ ఫ్లాటుకి పంపాలని భర్త అనుకున్నవి. "మూడేళ్లలో ఇండియా వెళ్లిపోదాం" అనే మాట ఆ కుటుంబంలో, ఈ ఇల్లు కొనకముందు 2014 నుంచీ నడుస్తోంది.

చివర్లో ఇలా రాశారు: "ఎవరి మాట విన్నా మిగతా ఇద్దరూ నన్నే అంటారు. స్నానానికి నీళ్లు లేకపోతే మాత్రం అందరూ నా మొహమే చూస్తారు. ఏం చెయ్యమంటారు?"

ఈ గొడవంతటి మధ్యా రెండు వాక్యాలు ఉన్నాయి, ఒకటి మూడో పేజీలో, ఒకటి ఆరో పేజీలో. మొదటిది: "మామయ్యగారికి చలి ఎక్కువ. వంటింటి గోడకున్న జాలీలోంచి గాలి కొడుతోందని దాన్నిండా పాత తువ్వాలు కుక్కేశారు, మేం నవ్వుకున్నాం." రెండోది: "అత్తయ్యగారికి ఈమధ్య మధ్యాహ్నాలు తలనొప్పి, కడుపులో తిప్పడం. సాయంత్రం పార్కుకి తీసుకెళ్తే తగ్గిపోతుంది. ఇల్లు గుర్తొచ్చి బెంగ పెట్టుకున్నారనుకుంటా."

* * *

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే మీకు నాలుగు ముక్కలు మెయిల్ చేశాను. బాయిలర్ ఆపేయండి, కిటికీలు తలుపులు తీయండి, అందరూ బయటికి రండి, గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ 0800 111 999కి ఫోన్ చెయ్యండి. అదే రాత్రి మీరు జవాబు రాశారు. వచ్చినాయన పరీక్ష చేసి, బాయిలర్ ఆపి, వాడకూడదని లేబుల్ అంటించి వెళ్లాడనీ, తువ్వాలు బయటికి లాగితే దుమ్ము కాక నల్లటి మసి రాలిందనీ, అత్తయ్యగారిని ఆసుపత్రిలో చూపించారనీ, ఇప్పుడు బాగానే ఉన్నారనీ. ఆ మెయిల్ చదివాకే నేను అన్నం తిన్నాను.

మిగతా పాఠకుల కోసం ఆ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. మీ సమస్య తర్వాత మాట్లాడుకుందాం.

బాయిలర్ అనే మాట మన ఇళ్లల్లో కొత్తది కాదు. పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, అడుగున నిప్పులు, పక్కన ఇత్తడి కుళాయి. కొబ్బరి డొక్కలో, పిడకలో వేసి రాజేస్తే ఇంటిల్లిపాదికీ నీళ్లు కాగేవి. అది పెరట్లోనే ఎందుకుండేదో ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసుకుని పడుకోకూడదని మన అమ్మమ్మలకి తెలుసు. మీ వంటింట్లో ఉన్నదీ ఆ కుంపటే. రేకు చొక్కా తొడుక్కుంది కాబట్టి గుర్తుపట్టలేకపోయారు. ఈ పాత రకం బాయిలర్ మండడానికి గదిలోని గాలినే వాడుకుంటుంది. అందుకోసమే ఇల్లు కట్టినవాళ్లో బాయిలర్ పెట్టినవాళ్లో గోడకి జాలీ పెట్టారు. దాన్ని మూసేస్తే గ్యాస్ సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. పైగా మనం తాళింపు వేసేటప్పుడు పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్లుగా పెడతాం. గాలి వచ్చే దారి లేని గదిలో ఆ ఫ్యాను ఏం చేస్తుంది? పైకి పోవలసిన పొగని గొట్టంలోంచి వెనక్కి, వంటింట్లోకే లాగుతుంది. మధ్యాహ్నం వంటింట్లో ఉండేది ఎవరు? మీ అత్తగారు.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, బయటికెళ్తే తగ్గడం, ఇంటికొస్తే మళ్లీ మొదలవడం. ఇంట్లో ఒకరికి మించి ఉంటే మరీ అనుమానించాలి. నీలంగా, నిలకడగా ఉండాల్సిన మంట పసుపు రంగుకి తిరిగి ఊగుతుంటే, బాయిలర్ చుట్టూ మసి కనిపిస్తుంటే, పైలట్ మాటిమాటికీ ఆరిపోతుంటే అదీ గుర్తే. ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వెయ్యకూడదు. బయటి గాలి పీల్చిన కొద్దీ రక్తంలోంచి అది తగ్గిపోతుంది, ఆలస్యంగా చేసిన పరీక్షలో దొరక్కపోవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి బిల్లు భయంతో చాలామంది వెనకాడతారు. ఇక్కడ ఎమర్జెన్సీ విభాగంలో చూపించుకోవడానికి ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు, వార్డులో చేర్చుకుంటేనే ఖర్చు.

స్మోక్ అలారం ఉంది కదా అనుకోకండి, దానికి ఇది తెలీదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా కొనాలి, ఇరవై పౌండ్ల లోపే. పెట్టె మీద బీఎస్ ఈఎన్ 50291 అని ఉండాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో ఈ అలారం పెట్టించే బాధ్యత ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి ఇంటి ఓనర్‌దే. ఏటా గ్యాస్ పరీక్ష చేయించి సర్టిఫికెట్ ఇవ్వాల్సింది కూడా ఓనరే. అడగడానికి మొహమాటపడకండి.

మామయ్యగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆ జాలీ ఎందుకుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. అసలు తప్పు ఏళ్ల తరబడి సర్వీసు చేయించకపోవడం. అది మీ ఇద్దరిదీనూ. నేను చెయ్యని తప్పేమీ కాదు కాబట్టి ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

ఇక మీ ప్రశ్న.

ఇప్పుడు మీ ఇంట్లో హీటింగ్ లేదు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా అది చలిలో వణుకుతూ తీసుకున్నది కాకూడదు, ఆ సేల్స్‌మన్‌కి కావలసింది సరిగ్గా అదే. రెండు వారాలు గడపడానికి దారి మీ ఇంట్లోనే ఉంది. ఆ రాగి సిలిండర్ పైభాగంలోనో పక్కనో లావుపాటి వైరు వెళ్లిన మూత ఉందేమో చూడండి. అది ఇమ్మర్షన్ హీటర్. మనం బకెట్లో వేసే రాడ్‌కి పెద్దన్న, మూడు కిలోవాట్లది. చాలా ఇళ్లల్లో అర పక్కన ఎర్ర లైటున్న స్విచ్ ఉంటుంది, అదేంటో తెలియకుండా ఏళ్లు గడిచిపోతాయి. 120 లీటర్ల సిలిండర్ వేడెక్కడానికి రెండు గంటల పైన పడుతుంది, ఏడు యూనిట్ల కరెంటు కాలుతుంది. అంటే రెండు పౌండ్ల లోపు. తెల్లవారుజామున నాలుగింటికి వేస్తే పొద్దున్న స్నానాలు గట్టెక్కుతాయి. గదులకి ఆయిల్ రేడియేటర్లు రెండు కొనండి. రెండు కిలోవాట్లవి రెండు ఎనిమిది గంటలు ఆపకుండా తిరిగితే రోజుకి ఎనిమిది పౌండ్లు అవుతుంది. ఖరీదే, కానీ రెండు వారాలకి వంద పౌండ్ల పైచిలుకు పెట్టి మీరు కొనుక్కుంటున్నది ఆలోచించుకునే టైము. వాటిని ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టొద్దని మామయ్యగారికి మీరు చెప్పక్కర్లేదు, ఆయనే మీకు చెబుతారు.

ఇందులో పడి మునిగిన అనుభవం నాకుంది. లెస్టర్‌లో మా రెండో ఇంట్లో డిసెంబరులో బాయిలర్ పోతే, వచ్చిన మొదటి కంపెనీకే సంతకం పెట్టేశాం. కొత్త బాయిలర్‌లోంచి నీటి బొట్లు బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. దాన్ని వాళ్లు సన్నగా, బయటి గోడ మీదుగా బారెడు పొడుగు లాక్కెళ్లి వదిలేశారు. జనవరిలో అది గడ్డ కట్టింది. బాయిలర్ గుడగుడమని ఆగిపోయింది. కంపెనీ ఫోను ఎత్తదు. మావారు లుంగీ మీద ఓవర్‌కోటు వేసుకుని, రాత్రి పదకొండింటికి కెటిల్‌తో గోరువెచ్చని నీళ్లు పోస్తూ నిలబడ్డారు. మరిగే నీళ్లు పొయ్యకూడదు, గొట్టం పగులుతుంది. ఆ గొట్టం వీలైనంత ఇంట్లోంచే పోవాలి, బయట వెయ్యక తప్పకపోతే లావుగా ఉండి తొడుగు వేయించాలి అని కొటేషన్‌లోనే రాయించుకోవాలన్న జ్ఞానం మాకు అప్పుడు కలిగింది.

ఇప్పుడు మీ ముగ్గురి మాటల్లో ఏది ఎంత నిజమో చూద్దాం. నేను గ్యాస్ ఇంజినీర్‌ని కాను. ఈ దేశంలో మూడు ఇళ్లు, నాలుగు బాయిలర్లు చూసిన ఆడదాన్ని. అంతే నా అర్హత.

మామయ్యగారు చెప్పినది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. ఆ కాలం బాయిలర్లలో ఎలక్ట్రానిక్స్ తక్కువ, పోత ఇనుముతో గట్టిగా చేసేవారు, శుభ్రం చేసి పైలట్ మంట ఉందో లేదో కనిపెట్టే థర్మోకపుల్ అనే ఆ చిన్న పార్ట్ మారిస్తే మళ్లీ వెలగొచ్చు. కానీ లేబుల్ తీయించాలంటే గ్యాస్ పనికి అర్హత ఉన్నవాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీర్ వచ్చి పొగగొట్టం, బర్నర్, గాలి దారి మొత్తం చూసి ఒప్పుకోవాలి. దానికి మూడు నాలుగు వందలు అవుతుందనుకోండి. ఆ తర్వాత కూడా వంటింటి గోడకి ఆ జాలీ ఉండాలి, చలిగాలి కొడుతూనే ఉండాలి, ఏటా సర్వీసు తప్పకూడదు, వాడే గ్యాస్‌లో మూడో వంతు వేడి కప్పు మీదకి పోతూనే ఉంటుంది. వచ్చే ఏడాది ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయేవాళ్లకి ఇది తెలివితక్కువ పనేం కాదు. ఇంట్లో చిన్నపిల్లలుండగా నాకైతే మనసొప్పదు. అది నా పిరికితనం అనుకున్నా సరే.

మీరు కోరుకున్న కాంబీ గురించి. ఇందులో సిలిండర్, అటక మీద తొట్లు ఉండవు. కుళాయి తిప్పినప్పుడు నీళ్లు అప్పటికప్పుడు వేడెక్కి వస్తాయి. దీని బలం, బలహీనత రెండూ అదే. ముప్ఫై కిలోవాట్ల కాంబీ నీళ్లని 35 డిగ్రీలు పైకి లేపి నిమిషానికి పన్నెండు లీటర్లు ఇస్తుంది. అంటే మన పద్దెనిమిది లీటర్ల బకెట్ నిమిషంన్నరలో నిండుతుంది. జనవరిలో మెయిన్ నీళ్లు బాగా చల్లగా వస్తాయి కాబట్టి ఇంకాస్త నెమ్మది. బకెట్ స్నానాలు చేసే ఇంటికి కాంబీ అమిరినట్టు ఇంకేదీ అమరదు, ఆరుగురు వరసగా చేసినా అయిపోదు. చిక్కల్లా ఇద్దరు ఒకేసారి నీళ్లు తిప్పినప్పుడు. పైన మీవారు షవర్‌లో ఉండగా కింద మీరు గిన్నెలు కడిగితే పైనుంచి కేక వినిపిస్తుంది. అత్తమామలు ఏటా ఆర్నెల్లు వచ్చి ఉంటే, పాప పెద్దదైతే, ఆ కేకలు పెరుగుతాయి. ఇంకోటి, మీ రెడింగ్ నీళ్లు సున్నపు నీళ్లు. మీ కెటిల్ అడుగున తెల్లపొక్కులు చూస్తుంటారుగా, అవే కాంబీ లోపలి సన్నటి పలకల మధ్యా పేరుకుంటాయి. కుళాయి నీళ్ల వేడిని 48 దగ్గర పెట్టుకుంటే ఆ పేరుకోవడం కొంత తగ్గుతుంది. ఎలాగూ అరవై డిగ్రీల నీళ్లు ఒంటి మీద పోసుకోం కదా.

ఒక్కరోజులో బిగించిపోవాలి అన్నారే, మీ ఇంటికి ఆ మాట చెల్లదు. పాతది పీకాలి, గూట్లో పొగదారి మూసి బయటి గోడకి కొత్తది పెట్టాలి, గ్యాస్ పైపు సన్నదైతే లావుది వెయ్యాలి, సిలిండరూ తొట్లూ దించాలి, పైపులన్నీ కడగాలి. రెండు రోజులు, ఒక్కోసారి మూడు. ఖర్చు మూడున్నర నుంచి నాలుగున్నర వేలు. ఇది ఒక్కరోజులో, సగం ధరకి చేస్తామంటే వాళ్లు కడగడం మానేస్తున్నారన్నమాట. కడిగారో లేదో తేల్చే చిన్న పరీక్ష ఇంట్లో చెయ్యొచ్చు. హీటింగ్ మళ్లీ నడిచిన రోజున మామయ్యగారిని ప్రతి రేడియేటర్‌నీ పైనా కిందా చేత్తో తాకి చూడమనండి. పైన చల్లగా ఉంటే గాలి చేరింది, చిన్న తాళంతో వదిలించొచ్చు. పైన కాలుతూ అడుగు చల్లగా ఉంటే నల్లటి తుప్పు బురద పేరుకుంది. ఆ బురద వదిలించకుండా కొత్త బాయిలర్ పెడితే అది కొత్తదాన్లోకే పోతుంది. దాన్ని పట్టుకునే అయస్కాంతం ఫిల్టర్ కూడా అడగండి.

మీ ముగ్గురూ అనుకోనిది ఇంకొకటుంది. సిలిండర్‌ని ఉంచేసి, బాయిలర్ మాత్రమే కొత్త కండెన్సింగ్ రకానికి, అంటే పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకునే రకానికి మార్చడం. ఇందులో రెండు బాత్‌రూములు ఒకేసారి నడుస్తాయి, బాయిలర్ ఆగిన రోజున ఇమ్మర్షన్ ఆదుకుంటుంది. ఖర్చు కాంబీకి అటూ ఇటూగా ఉంటుంది. సిలిండర్ అర మీకు దక్కదు. అంతకన్నా ముఖ్యం, రేపు ఎప్పుడైనా హీట్ పంప్ పెట్టుకోవాలంటే సిలిండర్ ఉండి తీరాలి. కాంబీ పెట్టి ఆ అరని చీరల బీరువా చేసేసుకున్నాక, ఐదేళ్ల తర్వాత చీరలన్నీ మళ్లీ ఎక్కడ సర్దుతారు? మీ పాత సిలిండర్ అప్పటికి పనికిరాకపోవచ్చు, దానికి లోపల పెద్ద కాయిల్ ఉన్నది కావాలి. కానీ చోటూ, పైపులూ అక్కడే ఉంటాయి.

ఇక మీవారి హీట్ పంప్. మామయ్యగారికి దీన్ని "గవర్నమెంటు స్కీము" అని కాక "ఏసీని తిరగేసినట్టు" అని చెప్పమనండి, వెంటనే పడుతుంది ఆయనకి. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది, ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, ఇల్లు బాగుండి పని బాగా చేస్తే మూడున్నర. 7,500 పౌండ్ల మాట నిజం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉన్న బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ అది, 2023 అక్టోబరులో 5,000 నుంచి పెంచారు. మీరు అప్లై చెయ్యరు, బిగించే కంపెనీయే చేసి బిల్లులో తగ్గిస్తుంది. వాళ్లకి ఎంసీఎస్ సర్టిఫికెట్, అంటే ఇలాంటి పనులు చేసే కంపెనీలకి ఇచ్చే నాణ్యత గుర్తింపు ఉండాలి. 2027 మార్చి దాకా వ్యాట్ కూడా లేదు. అయినా కొత్త సిలిండరు, కొన్ని పెద్ద రేడియేటర్లు కలిపి మీ చేతినుంచి నాలుగు నుంచి ఏడు వేలు పడొచ్చు. సర్వే, అనుమతులు, పని కలిపి వారాలు పడుతుంది. అంతవరకూ ఆయిల్ రేడియేటర్ల మీదే ఉండగలరా అన్నది మీ ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాల్సింది.

నెలనెలా బిల్లు తగ్గుతుందా అంటే, లెక్క నేనే వేసి చూపిస్తాను. రేట్లు మూడు నెలలకోసారి మారతాయి కాబట్టి గ్యాస్ యూనిట్ (కరెంటు లాగే కిలోవాట్ అవర్) 6 పెన్నీలు, కరెంటు 26 పెన్నీలు అనుకుందాం. ఒక యూనిట్ వేడి ఇంట్లోకి రావడానికి మీ పాత బాయిలర్‌తో దాదాపు 9 పెన్నీలు. కొత్త బాయిలర్‌తో ఆరున్నర, ఏడు. హీట్ పంప్ మూడింతలిస్తే 8.7, మూడున్నరింతలిస్తే 7.4. అంటే పాతదాని కన్నా నయమే, కొత్త గ్యాస్ బాయిలర్ కన్నా మాత్రం చౌక కాదు. హీట్ పంపుల కోసమే ఉన్న ప్రత్యేక కరెంటు రేట్లు దొరికితే లెక్క తిరగబడొచ్చు. గ్యాస్ పూర్తిగా మానేస్తే గ్యాస్ మీటరు రోజువారీ చార్జీ మిగులుతుందంటారు. నిజమే, కానీ అప్పుడు పొయ్యి కూడా మార్చాలి, నిప్పుల మీద వంకాయ కాల్చి పచ్చడి చేసే యోగం పోతుంది. మీవారు ఈ లెక్క చూసి కూడా వాతావరణం కోసం పెట్టిద్దాం అంటే, అది గౌరవించాల్సిన కారణం. డబ్బు మిగులుతుందని మాత్రం పెట్టించొద్దు.

ఒక ఉపకారం చెయ్యగలరు మామయ్యగారు. గ్యాస్ బిల్లుల్లో పోయిన ఏడాది మొత్తం ఎన్ని యూనిట్లు వాడారో తీయమనండి. హీటింగ్ తిరిగి వచ్చాక రోజూ ఒకే టైముకి మీటరు చూసి రాయమనండి. మీటరు ఘనపు మీటర్లలో ఉంటే, దాన్ని పదకొండు పాయింటు రెండుతో హెచ్చిస్తే సుమారుగా యూనిట్లు వస్తాయి. బయటి చలి ఎంత ఉన్నరోజు ఎంత కాలిందో ఆ పుస్తకంలో పడితే, మీ ఇంటికి అసలు ఎన్ని కిలోవాట్లు కావాలో తేలిపోతుంది. మీలాంటి ఇళ్లకి గట్టి చలిలో కూడా చాలాసార్లు ఏడెనిమిది కిలోవాట్లతో సరిపోతుంది. కొటేషన్లు ఇచ్చేవాళ్లు అందరూ ముప్ఫై, ముప్ఫై ఐదు అంటారు. కాంబీకైతే ఆ అంకె నీళ్ల కోసం, గదుల కోసం కాదు. సిలిండర్ ఉంచుకుంటే అంత పెద్దది అక్కర్లేదు. ఇది మాట్లాడే మనిషి ఇంట్లో ఉండటం మీ అదృష్టం, ఆయన్ని ఎదురుపక్షంలో ఎందుకు కూర్చోబెట్టారు?

కొత్త గ్యాస్ బాయిలర్ ఏది పెట్టినా, రేడియేటర్లకి పోయే నీళ్ల వేడిని డెబ్బై ఐదు, ఎనభై మీద వదిలేసి పోతారు. కాంబీ అయితే దాన్ని యాభై ఐదుకి తగ్గించి ఒక చలికాలం గడపండి. సిలిండర్ ఉంచుకుంటే, అందులోని నీళ్లు చాలినంత కాగేలా చూసుకుని ఎలా తగ్గించాలో ఇంజినీర్‌ని అడగండి. తిరిగి వచ్చే నీళ్లు చల్లగా ఉంటేనే ఆవిరి నీరుగా మారి, కండెన్సింగ్ బాయిలర్ తన పేరు నిలబెట్టుకుంటుంది. ఆ వేడికి ఇల్లు వెచ్చగా ఉంటే మీ రేడియేటర్లు హీట్ పంప్‌కి దాదాపు సరిపోతాయని అర్థం. ఏ గది చల్లబడిందో ఆ గది రేడియేటరే మార్చాలని అర్థం. అప్పుడు మీవారి కోరిక ఊహ మీద కాక ఒక చలికాలపు లెక్క మీద నిలబడుతుంది. ఈ పరీక్ష పాత బాయిలర్ మీద మాత్రం చెయ్యొద్దు, దాన్ని అంత తక్కువలో నడిపితే లోపల తుప్పు పడుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఇప్పుడు గ్యాస్ బాయిలర్ పెట్టినంత మాత్రాన తర్వాత హీట్ పంప్ గ్రాంట్‌కి అర్హత పోదు. కానీ ఆ గ్రాంట్ అప్పటికి ఎంతుంటుందో, ఉంటుందో లేదో దానికి హామీ లేదు.

ఈ నాలుగింట్లో ఏది అన్నది పైపుల మీద లేదు. ఈ ఇంట్లో ఇంకా ఎన్ని చలికాలాలు అన్నదాని మీద ఉంది. ఒకటి రెండే అయితే మామయ్యగారి మాటకి బలం. నాలుగైదు అయితే సిలిండరో కాంబీయో, మీ స్నానాల అలవాటుని బట్టి. పిల్లల చదువులయ్యేదాకా అయితే మీవారి మాట. ఆయన ఒక పక్క విజయవాడ ఫ్లాటుకి నాలుగు వేలు పంపుదామంటూ, ఇంకో పక్క ఇరవై ఏళ్లుండే మెషిను ఇక్కడ పెడదామంటున్నారు, చూశారా? ఎగతాళికి అనడం లేదు. "మూడేళ్లలో వెళ్లిపోదాం" అనే మాట మా ఇంట్లోనూ ఉండేది, మా అబ్బాయికి ఉద్యోగం వచ్చాక ఎప్పుడో వినబడటం మానేసింది. ఆ మాటని నిలదీసి అడగమని నేను చెప్పను. పాప సెకండరీ స్కూలు అప్లికేషన్ ఇంకో ఏడాదిలో వస్తుంది, అది ఇక్కడే వేస్తున్నామా అని అడగండి. దానికి ఆయన చెప్పే జవాబులో బాయిలర్ జవాబు కూడా ఉంటుంది. ఆ సంభాషణ అత్తమామల ఎదురుగా కాక మీ ఇద్దరూ నడకకి వెళ్లినప్పుడైతే మేలు.

డబ్బు విషయం. ఫ్లాటుకి పంపాల్సిన నాలుగు వేలకి గడువు తేదీ ఉందా, లేక అనుకున్న మాటేనా? తేదీ ఉంటే రిపేరు చేయించి ఒక ఏడాది గడపడం తప్పు కాదు, అలారాలు రెండు పెట్టుకుని. తేదీ లేకపోతే, ఆరుగురు కాపురముంటున్న ఇంటిదే ముందు వరస అనిపిస్తుంది నాకు. వడ్డీ లేని వాయిదాలంటే ఆశపడకండి, ఆ వడ్డీ చాలాసార్లు ధరలో దూరి ఉంటుంది. రొక్కం రేటూ వాయిదా రేటూ రెండూ రాయించుకుని పోల్చండి.

మూడు కొటేషన్లు తీసుకోండి, అందులో ఒకటైనా చుట్టుపక్కల ఒంటరిగా పనిచేసుకునే ఇంజినీర్‌ది. గుమ్మంలోనే అతని గ్యాస్ సేఫ్ కార్డు అడగండి. ఫొటో, నంబరు ఉంటాయి, ఏయే పనులకి అర్హతో వెనక వైపు రాసి ఉంటుంది. పని అయ్యాక బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది, ఇల్లు అమ్మేనాడు అడుగుతారు, పాస్‌పోర్టులతో పాటు దాచండి. ఏటా సర్వీసు మానితే వారంటీ పోతుంది. ముందుగా కట్టే డబ్బు ఎంతైనా క్రెడిట్ కార్డు మీద కట్టండి, ధర వంద పౌండ్లు దాటి ముప్ఫై వేల లోపుంటే కంపెనీ ఎత్తేసినా కార్డు కంపెనీ బాధ్యత ఉంటుంది.

ఇంట్లో కూర్చుని పెట్టిన సంతకానికి పద్నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గే హక్కు ఉంది. అయితే ఆలోపే పని మొదలుపెట్టమని మీరే రాసిస్తే, జరిగినంత పనికి డబ్బు కట్టక తప్పదు. మీరు ఇంకా పెట్టలేదు కాబట్టి ఆ బాధ లేదు. ఆరు వందల తగ్గింపు ఆ రాత్రితో పోయిందని బెంగపడకండి, అతను మళ్లీ ఫోన్ చేస్తాడు. చేసినప్పుడు మీరు మాట్లాడొద్దు. ఫోను మామయ్యగారికి ఇవ్వండి, ఏడెనిమిది కిలోవాట్ల ఇంటికి ముప్ఫై ఐదు ఎందుకో ఆయన అడుగుతారు.